గుంపులో మూడో చుక్క

బెంగుళూరు,
1976 ఆగస్టు 8

సీతారత్నం,

కవరు మీద నా దస్తూరీ చూడగానే చింపి పొయ్యిలో పడేస్తావేమోనని భయంగానే ఉంది. పడెయ్యకే. రెండేళ్ళ తర్వాత రాస్తున్నాను, తిట్టాలంటే చదివేక తిట్టు. నీ అడ్రసు మా నాన్నగారు పంపేరు. అమలాపురం బస్టాండులో మీ నాన్న ఎర్రయ్యగారు కర్ర పట్టుకుని కనిపించేరట. "దిండి రేవులో లాంచీ డ్రైవరు దొరబాబు ఇల్లంటే ఎవరైనా చెప్తారండీ మాస్టారూ" అన్నారట.

వాల్తేరులో ఎమ్మెస్సీ అయ్యాక ఇక్కడ రీసెర్చిలో చేరేను. హాస్టల్లో అందరూ తమిళం వాళ్ళూ బెంగాలీ వాళ్ళూనూ. తెలుగులో పోట్లాడుకుందామన్నా తోడు లేదు. సాంబారులో బెల్లం వేస్తారు, చెప్తే నమ్మవు.

నా పనేమిటో నీకు కాక ఇంకెవరికి చెప్పను? మా అమ్మ రాహేలుగారికి చెప్తే "చుక్కలు లెక్కెడితే జీతం ఇస్తారా?" అంది. ఆకాశంలో కొన్నిచోట్ల లక్షల నక్షత్రాలు ఒకే చోట గుండ్రంగా కిక్కిరిసి ఉంటాయి, అంతర్వేది తీర్థంలో జనంలాగ. మన పాలపుంతలో పదివేల నక్షత్రాలుంటే వాటిలో ఒక్కటి మాత్రమే ఇలాంటి గుంపుల్లో ఉంటుంది. కానీ ఈమధ్య ఉపగ్రహాలు పంపి చూస్తే, ఎక్స్‌-రేలు గట్టిగా చిమ్మేవాటిల్లో పదింట ఒకటి ఈ గుంపుల్లోనే దొరికింది. ఎందుకలాగ?

ఎక్స్‌-రేలు వచ్చేది చచ్చిపోయిన నక్షత్రం దగ్గర్నుంచి. అది బరువులో సూర్యుడికంటే ఎక్కువ, సైజులో మన రాజోలు తాలూకా అంత. తనంతట తను వెలగలేదు. పక్కన బతికున్న నక్షత్రం జోడు దొరికితే, దాని ఒంట్లోంచి వాయువు లాక్కుంటుంది. ఆ వాయువు తన మీద పడే వేడికి వెలుగుతుంది. విడిగా ఉంటే చచ్చినదానికి జోడు దొరకడం కష్టం. గుంపులో దొరుకుతుంది. ఎలా దొరుకుతుందన్నదే నా రీసెర్చి.

ఎలా ఉన్నావే? నిజం రాయి.

నీ సువర్ణ


దిండి,
1976 సెప్టెంబరు 2

ఒసేయ్ సువర్ణా,

కవరు చింపేను, పొయ్యిలో మాత్రం వెయ్యలేదు. కిరసనాయిలు డబ్బా వెనకాల దాచుకుని మూడుసార్లు చదివేను. పెద్ద సైంటిస్టువైపోయేవు. సంతోషంగా ఉంది, కుళ్ళుగానూ ఉంది. రెండూ రాసేస్తున్నాను, నిజం రాయమన్నావు కదా.

మా ఇల్లు రేవు గట్టు మీదే. లాంచీ అవతల చించినాడ ఒడ్డుకి పోయి వచ్చేదాకా ఒక వంట, మళ్ళీ వచ్చేదాకా ఒక ఉతుకు. అలా గడుస్తోంది. మా అత్తగారు బంగారమ్మ మంచావిడే. గొంతు పెద్దది.

నా పెళ్ళి ఎందుకంత హడావుడిగా జరిగిందో నీకు సరిగ్గా చెప్పలేదు. కాంతం మా పెదనాన్న కూతురు, నాకు అక్క. దొరబాబు బావకి ముందు ఇచ్చింది దాన్నే. పురిట్లో పోయింది, బిడ్డా దక్కలేదు. మూడో నెల తిరక్కుండా మా అత్తగారొచ్చి "ఆ ఇంటి పిల్లనే మళ్ళీ ఇవ్వాలి" అని అరుగు మీద కూచున్నారు. నాన్న కొబ్బరి దింపుకెక్కి పడిపోయి మంచంలో ఉన్నాడు, మా కూడూ గుడ్డా పెదనాన్నే చూస్తున్నాడు. కాదనే నోరు ఎవరికుంది? వాల్తేరు నుంచి ఎమ్మెస్సీ సీటుకి ఇంటర్వ్యూ కార్డు వస్తే దాన్ని చూపించి ఏడుద్దామనుకున్నాను. అది రానే లేదు.

పెళ్ళిలో మంగళసూత్రం పక్కన ఇంకో చిన్న బంగారం బిళ్ళ గుచ్చేరు. మావైపు సవతి బిళ్ళ అంటారు. పోయిన మొదటి పెళ్ళాం అందులో ఉంటుందన్నమాట. కొత్త చీర వస్తే ముందు అక్క ఫొటో దగ్గర పెట్టి, ఆవిడ కట్టుకున్నట్టు లెక్కేసుకుని, ఆ తర్వాత నేను కట్టుకోవాలి. అన్నంలో మొదటి ముద్ద ఆవిడది. పువ్వులు ముందు ఆవిడకి. మొదట్లో నవ్వొచ్చేది. మొన్న శ్రావణంలో మర్చిపోయి చీర ముందు నేనే కట్టేసుకున్నాను. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. అత్తగారు చీర విప్పించి, ఫొటో ముందు పెట్టి, నాచేత దణ్ణం పెట్టించేరు. మర్నాటికి తగ్గింది. మలేరియా అని నాకూ తెలుసులే, నేనూ సైన్సే చదివేను. అయినా దణ్ణం పెట్టేను.

నీ చుక్కల్లో నాకొక సందేహం. ఒక నక్షత్రం ఇంకోదాని దగ్గరికి వేగంగా వచ్చిందనుకో, అంతే వేగంగా వెళ్ళిపోవాలి కదా? జంటగా ఆగిపోవాలంటే ఆ శక్తి ఎటు పోయినట్టు? శక్తి ఊరికే మాయం కాదని కదా మనం పరీక్షలో రాసింది. జవాబు రాయి, లేకపోతే ఫస్టు మార్కు ఎవరిదో మర్చిపోయేవనుకుంటాను.

నీ సీత


బెంగుళూరు,
1976 నవంబరు 21

సీతా,

ఫస్టు మార్కు నీదే తల్లీ, ఎలా మర్చిపోతాను.

జవాబు చెప్తాను. ఇక్కడ కంప్యూటరని గదంత మెషినుంది. అట్టముక్కలకి కన్నాలు పొడిచి కట్టకట్టి ఇస్తే, మర్నాటికి జవాబు కాయితాల మీద కొట్టి ఇస్తుంది. ఆ లెక్కలో నేను జంటగా తిరుగుతున్న రెండు నక్షత్రాల మీదికి మూడోదాన్ని విసురుతాను. ఒక్కోసారి ఒక్కో వైపునుంచి, వందలసార్లు. మూడోది చచ్చిపోయిన నక్షత్రం. చాలాసార్లు ఊరికే దాటిపోతుంది. కొన్నిసార్లు మాత్రం మూడూ ఒకదాని చుట్టూ ఒకటి కాసేపు గందరగోళంగా తిరిగి, మామూలుగా వాటిలో తేలికైనది బయటికెళ్ళిపోతుంది. దాని చోట్లో చచ్చినది జోడుగా స్థిరపడుతుంది. వెళ్ళిపోయేది నువ్వడిగిన ఆ శక్తిని పట్టుకుపోతుంది. మిగిలిన రెండూ ఆ తర్వాత విడిపోవు. ఆ గుంపులో ఇంకెవరు తగిలినా మరింత దగ్గరగా బిగుసుకుంటాయి.

ఇంకో దారి కూడా ఉంది. చచ్చినది మరీ దగ్గర్నుంచి పోతే, బతికున్నదాని ఒంట్లో పోటు లేస్తుంది, మీ రేవులో లేచినట్టే. ఆ పోటుకే శక్తి ఖర్చయిపోయి రెండూ విడిపోలేకపోతాయి. ఇది నా లెక్కలో లేదు. నక్షత్రాల్ని ఉత్త చుక్కలుగా పెట్టేను, వాటికి ఒళ్ళుంటుందన్న సంగతే వదిలేసేను. నీ ఉత్తరం చదివేక వెళ్ళి మా ప్రొఫెసరుగారిని అడిగేను. "ఈ ప్రశ్న చాలా బాగుంది, నీకెలా తట్టింది?" అన్నారు. నాకు తట్టలేదని చెప్పలేకపోయేను. సిగ్గేసింది.

సీతా, ఆ బిళ్ళ సంగతి చదివి నాకు అన్నం సయించలేదు. ఇక్కడ లెక్కలు చేసే అసిస్టెంట్లని తీసుకుంటున్నారు, బీఎస్సీ చాలు. ఆడపిల్లలకి హాస్టలుంది. మీ ఆయన్ని ఒప్పించి ఒక ఏడాది రా. నువ్వు ఇక్కడుండాల్సినదానివే.

నీ సువర్ణ


దిండి,
1977 ఫిబ్రవరి 13

సువర్ణా,

ఉద్యోగం ఊసు వినడానికి బాగుంది. వెల్లుల్లి ఒలుస్తూ ఒక పూటంతా హాస్టల్లో ఉన్నాను.

ఇక్కడ చాలా జరిగేయి. బావ మస్కట్టు వెళ్ళిపోయేడు. అక్కడ రేవులో పడవల మీద పని. పోయిన శుక్రవారం బయల్దేరేడు. అత్తగారు రేవు దద్దరిల్లేలా ఏడ్చేరు. బస్సు కదిలేటప్పుడు బావ కిటికీలోంచి చెయ్యూపి "జాగ్రత్త కాంతం" అన్నాడు. అని నాలిక్కరుచుకున్నాడు. నేను "ఆయ్" అన్నాను. ఇంకేమనను? పాపం, ఆయన మొహం చూస్తే నాకే జాలేసింది.

నీ లెక్క ఇక్కడ సరిపోదే. నువ్వు చచ్చినదాన్ని బయటినుంచి విసురుతున్నావు. మా ఇంట్లో కాంతమక్కా బావా జంట. వాళ్ళ మధ్యకి బయటినుంచి వచ్చిన మూడోదాన్ని నేను. తేలికైనది వెళ్ళిపోతుందన్నావు. బావ వెళ్ళిపోయేడు. ఇప్పుడింట్లో అక్కా నేనూ మిగిలేం. రోజంతా దానితోనే మాట్లాడుతున్నాను. "అక్కా, ఇవాళ చేపల పులుసు, ముందు నువ్వు తిను" అంటాను. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పింది అదే. దాని మీద నాకు కోపం లేదు.

ఇంకో సంగతి. నాకు మూడో నెల. అత్తగారు ఫొటో ముందు కొబ్బరికాయ కొట్టి "వచ్చేవా తల్లీ, నీ ఇల్లు వెతుక్కుంటూ మళ్ళీ వచ్చేవా" అన్నారు. పాపే పుడుతుందట, అది కాంతమేనట. ఊళ్ళో అందరూ అదే అంటున్నారు.

నా బిడ్డ నాకు పుడుతుందా, అక్కకి పుడుతుందా? ఇదొక్కటే ఆలోచిస్తున్నాను పొద్దస్తమానం.

సీత


బెంగుళూరు,
1977 మార్చి 6

సీతా,

తిక్కతిక్కగా రాయకు. అది నక్షత్రాల లెక్క, సంసారాల లెక్క కాదు. నీకు రాసి తప్పుచేసేను. నీ బిడ్డ నీకే పుడుతుంది, ఇంకెవరికి పుడుతుంది?

నా మాట విను. పురిటికి అమలాపురం రా, పెద్దాసుపత్రికి మా ఇల్లు నాలుగడుగులు. మా అమ్మ చూసుకుంటుంది, రాసేను కూడా. బిడ్డకి నీకిష్టమైన పేరు పెట్టు, ఆ పేరొక్కటీ వద్దు. నువ్వు కాదంటే ఎవరూ పెట్టలేరు. దణ్ణాలు పెట్టుకో, ముద్దలు పెట్టుకో, నేను కాదనను. మా వాళ్ళూ సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెడతారు. కానీ నీ పిల్లనియ్యకు.

ఇక్కడ ఈ రెండు వారాల్లో నాలుగొందలసార్లు విసిరేను. బతికున్నది తప్పించుకునే దారి ఏమైనా ఉందా అని చూస్తున్నాను. ప్రొఫెసరుగారు అడిగింది అది కాదు. అయినా అదే చూస్తున్నాను.

వెంటనే రాయి.

సువర్ణ


దిండి,
1977 జులై 17

సువర్ణా,

నాలుగు నెలలు రాయలేదు, కోప్పడకు. కాళ్ళు వాచేయి, కూచుంటే లేవలేను. మంత్రసాని అచ్చాయమ్మ వచ్చి చూసి, "కాంతానికీ ఎనిమిదో నెల్లో ఇలాగే వాచేయండీ" అని అత్తగారితో గొంతు తగ్గించి చెప్పింది. నాకు వినపడింది.

ఒక సంగతి చెప్తాను, నవ్వకు. మొన్న మిట్టమధ్యాహ్నం అత్తగారు శివకోడు వెళ్ళేరు, ఇంట్లో నేనొక్కదాన్నే. దండెం మీద ఆరేసిన చీరలు అరుగు మీద మడతపెట్టి ఉన్నాయి. అంచు లోపలికి పెట్టి. నేను అంచు పైకి పెడతాను, మా అమ్మ నేర్పిన పద్ధతి. అంచు లోపలికి పెట్టేది కాంతమక్క. ఎవరైనా వచ్చేరా అని పక్కింటి ఆదిలక్ష్మిని అడిగేను. "నువ్వే కదా వదినా, ఇందాక పాటలు పాడుకుంటూ మడతపెట్టేవు" అంది. నేనే పెట్టేను. నాకు గుర్తే లేదు. పాట ఏం పాడేనో అడుగుదామనుకుని, ధైర్యం లేక ఊరుకున్నాను.

అక్కంటే ఇన్నాళ్ళూ ఇష్టంగానే ఉంది. ఇప్పుడు భయం వేస్తోంది. నాలోంచి కొంచెం కొంచెం తీసుకుంటోంది. అడిగి తీసుకోవడం లేదు, నేనే పెడుతున్నాను. పెట్టడం మానెయ్యాలన్నా చెయ్యి ఆగడం లేదు.

నాకు చావాలని లేదు సువర్ణా. ఇరవైమూడేళ్ళు. నాకసలు ఏమీ జరగలేదింకా.

సీత


బెంగుళూరు,
1977 ఆగస్టు 3

సీతా,

ఇది మూడోసారి మొదలుపెట్టడం. మొదటి రెండూ చింపేసేను.

నీ ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. 1974 జూన్ 11న, మంగళవారం, మా ఇంటికి. మీ ఇంట్లో చూస్తే చింపేస్తారని నువ్వే మా అడ్రసు ఇచ్చేవు కదా. నీ పేరున ఒక్కటే వచ్చింది. నాకు రాలేదు. నన్ను వెయిటింగు లిస్టులో పెట్టేరు, ఎవరైనా రాకపోతే నాకిస్తారు. కార్డు తీసుకున్నది నేనే. పెద్ద బైబిల్లో పెట్టి మూసేసేను. మర్నాడు ఇద్దామనుకున్నాను. మర్నాడు కూడా అలాగే అనుకున్నాను. నువ్వు నాలుగుసార్లొచ్చి "వచ్చిందా?" అని అడిగేవు. నాలుగుసార్లూ లేదన్నాను. పదహారున నీ పెళ్ళయిపోయింది. జులైలో నాకు సీటొచ్చింది.

అదీ జరిగింది. ఇన్ని రోజులూ నీకు ఉద్యోగమనీ ఆసుపత్రనీ రాస్తున్నది ఎందుకో ఇప్పుడు తెలిసిందిగా. ఇక్కడ నేను కూచున్న కుర్చీ నీది. మొన్న సెమినారులో నీ ప్రశ్న నాదన్నట్టు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. పొద్దున్న లేస్తే నువ్వే, పడుకుంటే నువ్వే. అట్టముక్కలకి కన్నాలు పొడుస్తుంటే నువ్వు వెనకాల నిలబడి తప్పులు చూస్తున్నట్టే ఉంటుంది. వెనక్కి తిరిగి చూస్తాను కూడా.

నన్ను క్షమించమని అడిగే మొహం లేదు, అయినా అడుగుతున్నాను. ఒక్క కార్డుముక్క రాయి, రైలెక్కి వచ్చేస్తాను. నిన్ను అమలాపురం తీసుకెళ్తాను. రీసెర్చి పోతే పోయింది. ఏం చెయ్యమంటే అది చేస్తాను.

సువర్ణ


దిండి,
1977 అక్టోబరు 9

సువర్ణా,

బతికే ఉన్నాను. ముందు అది రాయాలి కదా.

పాప పుట్టింది, సెప్టెంబరు 14న, రాజోలు ఆసుపత్రిలో. నేను అడక్కుండానే అత్తగారు తీసుకెళ్ళేరు. నొప్పులు మొదలవగానే అచ్చాయమ్మని గుమ్మంలోనే ఆపేసి, "ఒకదాన్ని ఈ గదిలోంచే మోసుకెళ్ళేం, ఇంక నావల్ల కాదు" అని రిక్షా పిలిపించేరు. దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు. ఆవిడ్ని చెడ్డగా అనుకోకు.

బారసాల ఇరవై ఒకటో రోజున చేసేరు. పళ్ళెంలో బియ్యం పోసి పేరు రాయాలి. తండ్రి ఊళ్ళో లేడు కాబట్టి తల్లే రాయాలన్నారు. వాసంతి అని రాద్దామని నెలరోజులుగా అనుకుంటున్నాను. నీ మాట కూడా గుర్తుంది. వేలు బియ్యంలో పెట్టేను. అత్తగారు పళ్ళెంకేసే చూస్తున్నారు, మా పెదనాన్న మూలన నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు. కాంతం అని రాసేను. ఎవరూ నా చెయ్యి పట్టుకోలేదు, బలవంతం చెయ్యలేదు. నా వేలే రాసింది. పెదనాన్న పళ్ళెం ముందు కూలబడి ఏడ్చేడు. ఆ ఏడుపు చూసి నేను రాసింది మంచిపనే అనిపించింది. ఇంటికొచ్చి తలుపేసుకున్నాక గుండె ఖాళీ అయిపోయింది. కడుపులో నాతో ఉన్న పాప ఎవరో, ఒళ్ళో ఉన్నది ఎవరో తెలియలేదు.

పాప బాగా పుంజుకుంది. నేనే చిక్కిపోయేనంటున్నారు. పాలిస్తుంటే కళ్ళు తెరిచి చూస్తుంది. ఒక్కోసారి అక్క చూసినట్టే ఉంటుంది. అంత పసిపిల్లకి చూపేమిటని నన్ను నేనే తిట్టుకుంటాను. వదిలించుకుందామని అనిపించదు. ఎత్తుకుంటే దించబుద్ధి కాదు.

ఇంక నీ కార్డు సంగతి. నాకు తెలుసే. పెళ్ళికి మూడ్రోజుల ముందు మీ వీధి పోస్టుమేన్ మాణిక్యం మార్కెట్లో కనిపించి, "వాల్తేరు కార్డొచ్చిందిగా అమ్మా, మాస్టారింట్లో ఇచ్చేను, మిఠాయి ఏదీ?" అన్నాడు. ఆ తర్వాతే నాలుగోసారి మీ ఇంటికొచ్చేను. నువ్వు లేదన్నావు. నీ మొహంలోకి చూసేను, నువ్వు చూరుకేసి చూసేవు. గట్టిగా అడిగితే ఇచ్చేసేదానివే. ఇస్తే నేను పెదనాన్నకి ఎదురు తిరగాలి, మంచంలో ఉన్న నాన్నని వదిలి రైలెక్కాలి. ఆ ధైర్యం నాకు లేకపోయింది. నువ్వు దొంగవైతే నేను పిరికిదాన్ని కానక్కర్లేదు. అందుకని నోరు మూసుకుని ఇంటికెళ్ళిపోయేను. రెండేళ్ళు నిన్ను కసితీరా తిట్టుకున్నాను, అది మాత్రం నిజం.

కాబట్టి రైలెక్కి రావద్దు. రీసెర్చి మానితే చంపేస్తాను. క్షమించమని అడగడమూ మానెయ్యి. మొన్నటి ఉత్తరం నువ్వు నాకు రాసినట్టు లేదు, ఫొటోకి దణ్ణం పెట్టినట్టుంది. నేనింకా గోడ మీదికి ఎక్కలేదే.

నాకు కావలసింది వేరే ఉంది. ఇంట్లో రోజంతా కాంతం, కాంతం అన్న పిలుపే. నన్ను కాంతం తల్లీ అంటున్నారు. బారసాలకి ముందునుంచే బావ మస్కట్టు నుంచి రాస్తే పైన "చిరంజీవి కాంతానికి" అని ఉంటుంది, నా క్షేమం చివర్లో అడుగుతాడు. మా ఊరికి ఆనందరావుగారని కొత్త పోస్టుమేన్ వచ్చేరు. ఏ ఇల్లు ఎవరిదో ఇంకా తెలీదు ఆయనకి. గట్టు మీద సైకిలాపి కవరు మీద పేరు పైకి చదువుతారు. నీ ఆగస్టు ఉత్తరం ఎక్కడెక్కడో తిరిగి మొన్న వచ్చినప్పుడు "కడలి సీతారత్నం గారూ!" అని కేకేసేరు. నేను పొయ్యి దగ్గరున్నాను. ఎవర్నో అనుకున్నాను. మళ్ళీ పిలిచేరు. పక్కింటి ఆదిలక్ష్మి వచ్చి "నిన్నే వదినా" అంటే గానీ నాకు తెలియలేదు. "ఆయ్, వస్తన్నానండీ" అని పరిగెత్తేను, పిండి చేతులతోనే. ఇంకోసారి పిలవమని అడగాలనిపించింది. నవ్వుతారని ఊరుకున్నాను.

వారానికొకటి రాయి. రాయడానికి ఏమీ లేకపోతే తెల్లకాయితం పెట్టి పంపు, నేనేమీ అనుకోను. కవరు మీద మాత్రం నా పేరు పెద్దక్షరాలతో, ఇంటిపేరుతో సహా, ఎంత దూరం నుంచైనా చదవగలిగేలా రాయి.

కడలి సీతారత్నం